చీపురు ఈనెలతో వుల్వరిన్ గోళ్లు: ఏడో ప్రయత్నం, మళ్లీ పాయె

వుల్వరిన్ అంటే మార్వెల్ కామిక్స్ హీరో లోగన్, ఒక్కో పిడికిలిలోంచి మూడేసి లోహపు గోళ్లు దూకుతాయి. నేను గీస్తున్న అతని ఆనిమేషన్ ముక్కని నిన్న రాత్రి ఒంటిగంటన్నరకి ప్లే నొక్కి చూశాను. గోళ్లు మళ్లీ సాగాయి. ఆరు వారాలుగా ఒకటే జబ్బు. పిడికిలి తిరగడం మొదలవగానే మూడు గోళ్లూ లోపలికి ముడుచుకున్నట్టయి, చివరికొచ్చేసరికి మళ్లీ బయటికి వస్తున్నాయి. లోహపు గోళ్లలా లేవు, నత్త కొమ్ముల్లా ఉన్నాయి.

ఇదంతా ఒక పాత కోపంతో మొదలుపెట్టిన పని. 2011లో జపాన్ స్టూడియో మ్యాడ్‌హౌస్ వాళ్లు తీసిన వుల్వరిన్ ఆనిమే (జపాన్ తరహా బొమ్మల సీరియల్) చూసినప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది. అప్పటికే ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న 1982 నాటి నాలుగు సంచికలు, క్లేర్‌మాంట్ రాసి ఫ్రాంక్ మిల్లర్ గీసినవి, అట్టలు ఊడేదాకా చదివినవాణ్ని. నా లోగన్ అయిదడుగుల మూడంగుళాల మొరటు మనిషి, పీపాకి చేతులు మొలిచినట్టుంటాడు. ఆనిమేలో చూస్తే సన్నగా, పొడుగ్గా, నుదుటి మీద జుట్టు వాలేసుకుని కాలేజీ కుర్రాడిలా ఉన్నాడు. సినిమాల్లో ఎలాగూ ఆరడుగుల పైమాటే, దాన్ని క్షమించేశాను. కానీ ప్రియురాలు మరికో, ఆమె తండ్రి షింగెన్, మాడ్రిపూర్ దీవి అన్నీ ఉంచి హీరోని మాత్రం మార్చేస్తే ఎలా? లోగన్‌కి డబ్బింగ్ చెప్పిన రికియా కొయామా గొంతు వల్లే పన్నెండు ఎపిసోడ్లూ చూడగలిగాను. ఆ గొంతులో ఉన్నాడు అసలు లోగన్, బొమ్మలో లేడు.

అందుకే నాలుగు సెకన్ల ముక్క నేనే గీద్దామనుకున్నాను. వర్షం, గల్లీ, పొట్టి లోగన్, గోళ్లు బయటికి రావడం, పిడికిలి కెమెరా వైపు తిరగడం. మొత్తం 96 ఫ్రేములు. వర్షం బాగా వచ్చింది. మొహం కూడా పర్లేదు. గోళ్లు బయటికి దూకే రెండు ఫ్రేములైతే అదిరాయి. ఏడిపిస్తున్నదల్లా ఆ తర్వాతి 27 ఫ్రేములే.

లెక్క చెప్తాను. త్రీస్‌లో, అంటే ఒక్కో బొమ్మ మూడు ఫ్రేములు నిలిచేలా గీస్తున్నాను కాబట్టి ఆ తిరగడానికి 9 డ్రాయింగులు. చెయ్యి 60 డిగ్రీలు తిరగాలి. కెమెరా వైపు తిరిగేకొద్దీ గోరు పొట్టిగా కనబడాలి. మొదటి కీలో, అంటే మొదటి ముఖ్యమైన బొమ్మలో నడిమి గోరు 412 పిక్సెళ్లు, చివరి కీలో 206. మధ్యలోది, అంటే అయిదోది, రెండు కొసల మధ్య బిందువు చూసుకుని గీశాను: 309. అక్కడే మునిగాను. తిరిగే వస్తువు పొడవు అలా సమానంగా తగ్గదు. 30 డిగ్రీల దగ్గర అది 412లో 0.866 వంతు ఉండాలి, అంటే 357. నేను 48 పిక్సెళ్లు తక్కువ గీశాను. ఎనిమిదో వంతు పైగా గోరు గాల్లో మాయమైతే కన్ను ఊరుకుంటుందా? పదో తరగతి కొసైన్ ఇన్నాళ్లకి పనికొచ్చిందని సంబరపడి మూడోది 398, ఏడోది 291 పెట్టి మళ్లీ గీశాను. అది అయిదో ప్రయత్నం. నడిమి గోరు కుదిరింది. పక్క గోళ్లు రెండూ కుదరలేదు.

ఎందుకో రెండు వారాలు తెలియలేదు. ఆనియన్ స్కిన్‌లో, అంటే ముందూ వెనకా బొమ్మలు పలచగా కనబడేలా పెట్టి చూస్తే అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ప్లే చేస్తే మాత్రం ఒకటి వెనకబడుతుంది, ఒకటి ముందుకు పరిగెడుతుంది. చివరికి అమ్మ కొబ్బరి చీపురులోంచి మూడు ఈనెలు లాగి, వేళ్ల సందుల్లో పెట్టి, రబ్బరు బ్యాండ్లు చుట్టి, ఫోన్ కాస్త ఎత్తులో నిలబెట్టి వీడియో తీసుకున్నాను. సరిగ్గా అప్పుడే అమ్మ గదిలోకి వచ్చింది.

"ఏంట్రా ఇది?"

"గోళ్లమ్మా. రిఫరెన్స్ కోసం."

"ముప్ఫై ఏడొచ్చాయి. ఆ చీపురు పట్టుకుని గది ఊడ్చిన రోజు ఒక్కటీ లేదు."

ఆవిడ వెళ్లాక వీడియో ఒక్కో ఫ్రేమూ ఆపి చూశాను. ఈనెలు సమాంతరంగా లేవు, విసనకర్రలా విచ్చుకున్నాయి. నా బొమ్మలోనూ అంతే, నడిమి దానికి అటూ ఇటూ ఎనిమిదేసి డిగ్రీలు. అంటే చివరి డ్రాయింగులో నడిమిది 60 డిగ్రీల దగ్గరుంటే, ఒక పక్కది 52 దగ్గర, ఇంకోటి 68 దగ్గర ఉన్నట్టు. పొడవులు సుమారుగా 254, 154. నేనేమో మూడింటికీ 206 వేసేశాను! అదీ ఈ నత్త కొమ్ముల కథ.

ఆ వీడియోలో ఇంకోటి కనబడింది. నేను బొమ్మలో మణికట్టు తిప్పుతున్నాను. ఈనెలతో అలా తిప్పితే చెయ్యి వంకరగా, తలుపు గడియ తీస్తున్నట్టు ఉంది. గోళ్లు బయటికి వచ్చేటప్పుడు మణికట్టు నిటారుగా ఉండాలన్నది కామిక్స్‌లో పాత రూలే, అది తెలుసు. ఆ తర్వాత కూడా భుజం దగ్గర్నుంచి చెయ్యంతా తిరిగితేనే బరువుంటుందని తెలియలేదు. సరేనని ఏడో ప్రయత్నంలో మోచెయ్యి బయటికి తీసి మొత్తం మళ్లీ గీశాను. పక్క గోళ్లకి పాత పొడవులు ఒకట్రెండు డ్రాయింగుల్లో ఉండిపోయాయి, ముడుచుకోవడం అందుకే పూర్తిగా పోలేదు. అది సరిచేయగలను. సరిచేయలేనిది ఇంకోటి బయటపడింది.

పొట్టివాడి లావు ముంజేయి కెమెరా వైపు తిరిగితే పిడికిలి వెనక పూర్తిగా దాక్కుంటుంది. చేయనేదే కనబడదు. పనసకాయకి మూడు ఈనెలు గుచ్చినట్టుంది. ఒళ్లు మండి, పక్క లేయర్‌లో అదే పోజుకి సన్నటి, పొడుగు చెయ్యి గీసి చూశాను. నాలుగు గీతలు, అయిదు నిమిషాలు. ముంజేయి గీత పిడికిలి దాటి నేరుగా గోట్లోకి పాకింది. ఒక్క చూపులో బొమ్మ అర్థమైంది. ఆనిమే లోగన్ చెయ్యి అది. ఇన్నేళ్లుగా నేను తిట్టిన చెయ్యి.

టేపు తెచ్చి నా చెయ్యి కొలుచుకున్నాను. నేను 173 సెంటీమీటర్లు, మోచేతి నుంచి మణికట్టుకి 26.5. ఆ లెక్కన 160 సెంటీమీటర్ల లోగన్‌కి ఇరవై నాలుగున్నర. గోళ్లు అడుగు పొడవు, అంటే ముప్ఫై. ముంజేతి లోపల గోళ్లు దాచుకునే చోటే లేదు! ఆరడుగులవాడికైతే 28 వస్తుంది. అదీ చాలదు గానీ కంటిని మోసం చేయొచ్చు. వాళ్లు ఇది ఆలోచించే పొడుగ్గా గీశారో, అందగాడైతే చాలనుకున్నారో నాకెలా తెలుస్తుంది? మొహం విషయంలో మాత్రం నా కోపం తగ్గలేదు. ఆ జుట్టు తప్పే.

సాఫ్ట్‌వేర్ సంగతి. క్లిప్ స్టూడియో అనే బొమ్మల యాప్ ప్రో వెర్షన్‌లో ఆనిమేషన్ 24 ఫ్రేములకే ఆగిపోతుంది, నా ముక్కకి నాలుగో వంతు. దాని పెద్ద వెర్షన్ ఈఎక్స్ కొనే బదులు క్రితా అనే యాప్‌లో చేస్తున్నాను, ఉచితం, నాకు చాలు. స్క్రీన్ ఉన్న టాబ్లెట్ అక్కర్లేదని నా అభిప్రాయం, మెడనొప్పి తప్ప గీత మెరుగుపడదు. గోళ్లకి రూలర్ టూల్ మాత్రం వాడకండి. చేత్తో గీస్తే రెండు పిక్సెళ్లు వణుకుతుంది నిజమే, రూలర్‌తో గీస్తే కత్తిపీట అతికించినట్టు చచ్చిపోతుంది. ఆ వణుకే నయం.

ఎనిమిదో ప్రయత్నంలో లోగన్ పొట్టిగానే ఉంటాడు, ముంజేయి ఒక్కటీ ఆరడుగులవాడిది పెడతాను. తిరగడాన్ని 45 డిగ్రీల దగ్గరే ఆపేద్దామని కూడా ఉంది, అప్పుడు పనసకాయ గొడవే రాదు. అది కుదిరితే షింగెన్ చెక్కకత్తితో లోగన్‌ని మరికో కళ్ల ముందు చితక్కొట్టే ఘట్టం మొదలుపెడతాను. దానికి రిఫరెన్స్ కావాలంటే చీపురు కర్ర కావాలి, అమ్మ ఇచ్చేలా లేదు. శనివారం కొత్తది కొనుక్కోవాలి.