అయిదో రోజు, లవంగం వాసన

ఈ మధ్యాహ్నం రెండు గంటలు నిద్రపోయాను. మంగళవారం పన్ను తీయించుకున్నాక ఇంతసేపు వరసగా కన్ను మూతపడడం ఇదే మొదటిసారి. లేచి చూస్తే అమ్మ, పక్కింటి చిన్నమ్మ వాకిట్లో తెల్లబట్ట పరిచి సకినాలు చుడుతున్నారు. నువ్వులు, వాము కలిపిన పిండి వాసన. దాంతో పాటు నా నోట్లోంచే వస్తున్న లవంగం వాసన.

కుడివైపు కింది జ్ఞాన దంతం అది. పోయిన ఏడాది దాని మీది చిగురు మూడుసార్లు వాచింది. ఎక్స్‌రే తీస్తే పన్ను నిలువుగా లేదు, దాని ముందున్న పన్ను మీదికి ఒరిగి పడుకుని ఉంది. సంక్రాంతి సెలవులకు ముందు నాలుగు రోజులు లీవు పెడితే, బడి తెరిచేనాటికి కోలుకోవచ్చనుకున్నాను. చిగురు కోసి, కొంచెం ఎముక చెక్కి, పన్నును రెండు ముక్కలు చేసి తీశారు. మూడు కుట్లు పడ్డాయి. బుధవారం బుగ్గ ఉబ్బింది కానీ నొప్పి ఓర్చుకోగలిగినంతే ఉంది. గురువారం సాయంత్రానికి గండం గడిచిందనుకున్నాం.

ఆ రాత్రే మొదలైంది. పన్ను తీసిన చోటి నుంచి చెవిలోకి, కణతలోకి గుంజుతున్న నొప్పి. గోలీ వేసుకుంటే గంటన్నర ఊరట, మళ్ళీ మొదటికే. నోట్లో చెడ్డ రుచి. అద్దంలో చూసుకుందామంటే నోరు రెండు వేళ్ళ మందం కూడా తెరుచుకోలేదు. నిన్న పొద్దున క్లినిక్‌కు ఫోన్ చేస్తే, "పన్ను తీస్తే నొప్పి ఉంటుంది కదమ్మా, గోలీలు వాడండి" అని పెట్టేశారు. తగ్గుతూ వచ్చిన నొప్పి ఎందుకు పెరిగిందని ఒక్క మాట అడగలేదు. ఆ ఒక్క మాట అడిగి ఉంటే నిన్నటి రాత్రి నాకు తప్పేది.

రాత్రి రెండింటికి మంచం మీద కూర్చుని ఏడ్చాను. అమ్మ లేచొచ్చి చెంప మీద చెయ్యి పెట్టింది. దూదికి లవంగ నూనె అద్ది పెడతానంది. "వద్దమ్మా, ముట్టుకోకు" అని గట్టిగా అరిచాను. "సరే బిడ్డా, నీకెట్ల మంచిగుంటే అట్ల" అని పక్కనే కూర్చుంది. తెల్లారేదాకా కదల్లేదు.

పొద్దున నాయన ఆటో మాట్లాడాడు. హసన్‌పర్తి నుంచి భీమారం మీదుగా హనుమకొండ దాకా, చెవులకు స్కార్ఫు బిగించి కట్టుకుని కూర్చున్నాను. ప్రతి స్పీడ్ బ్రేకరూ దవడలో తెలిసింది. నాయన డ్రైవర్‌తో "మెల్లగ పోనియ్ తమ్మీ" అని దారి పొడుగునా చెబుతూనే ఉన్నాడు.

ఈసారి వేరే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. చిన్న అద్దం పెట్టి చూడగానే "డ్రై సాకెట్" అంది. పన్ను తీసిన గుంతలో రక్తం గడ్డకట్టి ఎముకను కప్పి ఉంచాలట. ఆ గడ్డ ఊడిపోయినా, కరిగిపోయినా ఎముక, నరాలు బయటపడి ఇంత నొప్పి వస్తుందట. రెండో రోజు స్ట్రాతో కొబ్బరి బొండాం తాగానని చెప్పాను. పీల్చడం వల్ల గడ్డ కదిలి ఉండొచ్చు, కానీ కింది జ్ఞాన దంతాలకు, అందులోనూ కష్టపడి తీసినవాటికి ఇది మామూలుగానే ఎక్కువ, మీ తప్పని మనసులో పెట్టుకోకండి అంది. ఆ మాటకు నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

సూది లేని సిరంజీతో గోరువెచ్చని సెలైన్ కొట్టి గుంతను కడిగింది. ఒక మెతుకు బయటికొచ్చింది. తర్వాత చిటికెన వేలంత గాజుగుడ్డ ముక్కను పసుపుపచ్చని మందులో ముంచి, పట్టకారతో మెల్లగా లోపలికి పెట్టింది. ఒక్క క్షణం ప్రాణం పోయినట్టయింది. వెంటనే లవంగం వాసన ముక్కులోకి ఎక్కింది. లవంగ నూనెలో ఉండే యూజినాలే ఈ మందులోనూ ఉందట. అలాగని ఇంట్లో నూనె నేరుగా పోస్తే పచ్చి పుండు కాలుతుందని చెప్పింది. పది నిమిషాల్లో చెవిలో పోటు ఆగింది. ఆగడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. బల్ల మీద పెట్టిన చెయ్యి దానంతటదే సడలింది.

రెండు రోజులకోసారి వచ్చి ఈ మందు మార్పించుకోవాలి. ఉప్పునీళ్ళు పుక్కిలించి ఉమ్మకూడదు, తల వంచి నీళ్ళను సింకులోకి వాటంతటవే జారనివ్వాలి. స్ట్రా వద్దు. ఇవన్నీ మంగళవారం ఇచ్చిన కాగితంలో ఉన్నవే. చీమతలంత అక్షరాల్లో, మొత్తం ఇంగ్లీషులో. మత్తుతో దవడ మొద్దుబారి, దూది కరిచిపెట్టుకుని ఉన్న నేను దాన్ని బ్యాగులో పెట్టేశాను. నన్ను చూసుకునేది అమ్మ. అమ్మకు ఇంగ్లీషు రాదు. వరంగల్లులో పన్ను పీకించుకునేవాళ్ళకు తెలుగులో ఒక కాగితం ఇవ్వడం అంత కష్టమా? నాకు ఇంకా కోపం తగ్గలేదు. ఇంటికొచ్చాక ఆ జాగ్రత్తలన్నీ బడిలో బోర్డు మీద రాసినట్టు పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి వంటింటి తలుపుకు అంటించాను. చివరి వాక్యం కింద రెండు గీతలు పెట్టాను: మూడో రోజున నొప్పి పెరిగితే ఊరుకోవద్దు, వెంటనే వెళ్ళాలి. సోమవారం దాని ఫోటో డాక్టరమ్మకు చూపిస్తాను.

సాయంత్రం చల్లారబెట్టిన పెసరకట్టులో అన్నం మెత్తగా పిసికి, ఎడమవైపుతో తిన్నాను. తర్వాత వాకిట్లోకెళ్ళి అమ్మ పక్కన కూర్చున్నాను. నోటితో పనిలేదు కాబట్టి సకినాలు చుట్టగలను. పిండిని రెండు వేళ్ళ మధ్య మెలిపెడుతూ ఒక్కో చుట్టు తిప్పుతుంటే, పిండి చల్లదనం అరచేతికి హాయిగా ఉంది. నాలుగు చుట్లు తెగకుండా వచ్చాయి. "నీ చెయ్యి మంచిగ కుదిరింది" అంది చిన్నమ్మ.

కాల్చడం అయ్యాక అమ్మ పదిహేను సకినాలు లెక్కపెట్టి వేరే స్టీలు డబ్బాలో వేసి మూత బిగించింది.

"ఇవి నీయి బిడ్డా. నెల దాకా ఉంటయ్. నోరు మంచిగైనంక తిందువు."

డబ్బా పైఅరలో పెట్టింది. చీకటి పడింది. నొప్పి ఇంకా రాలేదు.