శాసనాల లిపి నేర్చుకుంటున్నాను

ఈ ఏడాది కొత్తగా ఏదైనా నేర్చుకోవాలని గిటారు, స్పానిష్, కోడింగ్ అంటూ రాసుకున్న జాబితాలో, నేను పుట్టి పెరిగిన కడపతో ముడిపడినది ఒక్కటీ లేదని గమనించి దానిని పక్కన పెట్టాను. ఎర్రగుంట్ల మండలం కలమళ్ళలో రేనాటి చోళుడు ధనంజయుడు సుమారు క్రీ.శ. 575లో వేయించిన శాసనం, తొలి తెలుగు శాసనంగా పేరుపొందినది, నా మాతృభాషలోనే ఉన్నా నాకు చదవడం రాదు, సిగ్గుగానే ఒప్పుకుంటున్నాను. అందుకే ఆ లిపినే ఎంచుకున్నాను. తెలుగు, కన్నడ లిపులకు మూలం ఒక్కటే కనుక, కన్నడ బోర్డులను కూడబలుక్కోగల నాకు కొన్ని అక్షరాలు త్వరగానే పట్టుబడ్డాయి. ఇబ్బంది పెట్టింది మాత్రం ఇప్పటి తెలుగులో వాడుకలో లేని ‘ఴ’ అనే అక్షరం. అప్పటి ‘చోఴ’ తెలుగులో ‘చోడ’గా మారిన తీరు తెలిశాక, ఆ ఒక్క అక్షరం దగ్గరే రెండు ఆదివారాలు గడిచిపోయాయి.