మరోచరిత్ర ఇసుకలో మా పిన్ని

సంక్రాంతి వెళ్లాక వచ్చిన శని, ఆదివారాలు మేం పదిమందిమి కలిసి పాత సినిమాల జాడ వెతుక్కుంటూ తిరిగాం. ఎంతో దూరం వెళ్లలేదు. మొదటి రోజు మా విజయనగరంలోనే, రెండో రోజు ఇక్కడికి పాతిక కిలోమీటర్లున్న భీమిలి. కానీ తిరిగొచ్చి ఇన్నాళ్లయినా అది నా మనసులోంచి పోవడం లేదు, ముఖ్యంగా మా పిన్ని, అందుకే రాస్తున్నా.

మా డిగ్రీ బ్యాచ్‌లో ఎనిమిది మందిమి, మా అక్క వాళ్లాయన అంటే మా బావ, ఆఖరి నిమిషంలో శ్రీకాకుళం నుంచి బస్సెక్కి వచ్చేసిన మా పిన్ని. కార్తీకంలో ఒక గృహప్రవేశంలో కలిసినప్పుడు దూరదర్శన్‌లో చిత్రలహరి గురించి మాటలొచ్చాయి, ఆ అరగంట కోసం వీధిలో టీవీ ఉన్నవాళ్లింట్లో చాపలేసుకుని కూర్చోవడం, సరిగ్గా మంచి పాట మొదలవగానే కరెంటు పోవడం, ఇవన్నీ తలుచుకుంటూంటే మా బావ ఉన్నట్టుండి, ఆ పాటల్లో మన చుట్టుపక్కల తీసినవెన్ని ఉన్నాయో ఎప్పుడైనా చూశారా అన్నాడు. అప్పుడే అనేసుకున్నాం వెళ్దామని. అరకు అన్నవాళ్లు కూడా ఉన్నారు గానీ అరకు అందరూ ఎలాగూ వెళ్తారు, నేనే వద్దన్నాను.

శనివారం పొద్దున్న బొంకులదిబ్బ దగ్గర కలిశాం. ‘కన్యాశుల్కం’ నాటకం తెర లేచేది ఇక్కడే, మొదటి రంగమే బొంకులదిబ్బ. నాటకాన్ని మొదటిసారి ఆడింది 1892లో, అచ్చయింది 1897లో, ఆ తర్వాత గురజాడ దాన్ని బాగా పెంచి తిరగరాసి 1909లో మళ్లీ తెచ్చారు. 1955లో పి.పుల్లయ్య దర్శకత్వంలో సినిమాగా వచ్చినప్పుడు ఎన్టీఆర్ గిరీశం, సావిత్రి మధురవాణి. మాలో ఒకామె ఫోన్లో ఆ సినిమా పెట్టుకుని, ఈ వీధి ఏ సీన్లో ఉందో చెప్పండి అని అడుగుతోంది. ఆ రోజుల్లో మన సినిమా అంటే మద్రాసు స్టూడియోలో సెట్టే కదా, ఈ వీధి అందులో ఎందుకుంటుంది? పాపం ఆమె ముఖం చిన్నబోయింది. మిగతావాళ్లు కూడా, అయితే ఇక్కడికెందుకొచ్చాం మరి అన్నట్టు నా వైపు చూశారు.

అందుకు జవాబు నాకు సంగీత కళాశాల దగ్గర దొరికింది. గురజాడ వారి ఇల్లు చూసుకుని, ఆ వరండాలో ఘంటసాల పాడిన ‘పుత్తడిబొమ్మ పూర్ణమ్మ’ ఫోన్లో పెట్టుకుని విని (మాట్లాడే ఓపిక ఎవరికీ లేకపోయింది ఆ తర్వాత), అక్కణ్ణుంచి కాలేజీకి వెళ్లాం. 1919లో మా ఊరి రాజులు పూసపాటి వారు పెట్టిన కాలేజీ ఇది, మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు, తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. కృష్ణా జిల్లా నుంచి సంగీతం నేర్చుకుందామని ఈ ఊరొచ్చిన ఘంటసాల అనే కుర్రాడు జోలె పట్టుకుని ఇంటింటికీ మధూకరం వెళ్లి, ఆ అన్నం తిని చదువుకున్నాడు. పట్రాయని సీతారామశాస్త్రి గారు తన దగ్గర పెట్టుకుని నేర్పారు. మా ఊళ్లో ఎంతోమంది ఇళ్లలో ఇప్పటికీ ఈ మాట చెప్పుకుంటారు, మా తాతమ్మలు పెట్టిన అన్నమేరా అది అని. నిజంగా ఎవరి తాతమ్మ పెట్టిందో ఎవరూ చెప్పలేరు, అయినా ఆ మాట విన్నప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

ఆ ‘కన్యాశుల్కం’ సినిమాకి సంగీతం ఘంటసాలే. అందులో శ్రీశ్రీ రాసిన ‘ఆనందం అర్ణవమైతే’ పాడింది పి.సుశీల. సుశీల గారు 1935లో ఈ ఊళ్లోనే పుట్టారు, ఈ కాలేజీలోనే చదువుకున్నారు. అంటే కెమెరా బొంకులదిబ్బకి రాకపోయినా సినిమాలోకి ఊరు వెళ్లింది, గొంతులో కూర్చుని వెళ్లింది. ఈ ముక్క నేను కాలేజీ గేటు దగ్గర నిలబడి అంటూండగా లోపల ఎవరో పిల్ల సరళీస్వరాలు సాధన చేస్తోంది, ఒకే వరస, ‘ప’ దగ్గరకొచ్చేసరికి శ్రుతి తప్పుతోంది, ఆపి మళ్లీ మొదటినుంచి, మళ్లీ ‘ప’. పావుగంట నిలబడిపోయాం అలాగే. ఆఖరికి ఆ ‘ప’ నిలిచింది. మేమంతా ఒకరి మొహాలొకరు చూసుకున్నాం, పిన్ని అయితే కళ్లు మూసుకుని తలాడిస్తూనే ఉంది.

ఆదివారం సంగతి. సూర్యోదయానికి భీమిలి బీచ్‌లో ఉండాలని మా ప్లాను. తెల్లారి అయిదుకి రమ్మని ట్రావెల్స్ వాళ్లకి ముందే డబ్బు కట్టి టెంపో మాట్లాడుకుంటే ఏడుం బావుకి వచ్చింది, అదీ మేం చూసి ఒప్పుకున్న బండి కాదు, సీట్లు చిరిగిపోయిన ఇంకో బండి. ఫోన్ చేస్తే ఎత్తరు. పిన్ని నాలుగింటికే లేచి తలస్నానం చేసి, చీర కట్టుకుని, సంచీలో ఉడకబెట్టిన తేగలు సర్దుకుని గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది, ఆవిణ్ణి అలా చూస్తూంటే నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆవిడ మాత్రం, "సూర్యుడు రేపూ వస్తాడు గానీ ముందు మీరు కాఫీ తాగండర్రా" అంది.

పద్మనాభం మీదుగా వెళ్లాం. 1794లో మా విజయనగరం రాజు విజయరామరాజు గారు ఇంగ్లీషు వాళ్లతో యుద్ధం చేసి ప్రాణాలు వదిలిన చోటు, ఆ దారిలో వెళ్లినప్పుడల్లా ఆయన్ని తలుచుకోకుండా ఉండలేం. ఆ వైపు పారే గోస్తని నది అనంతగిరి కొండల్లో పుట్టి బొర్రా గుహల్లోంచి వచ్చి, తాటిపూడి రిజర్వాయర్ నింపి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది.

భీమిలి ఎందుకో తెలుసుగా. ‘మరోచరిత్ర’. 1978, బాలచందర్ సినిమా. అందరూ రంగుల్లో తీస్తున్న కాలంలో బ్లాక్ అండ్ వైట్‌లో తీశారు, కమల్ హాసన్, కొత్తమ్మాయి సరిత, ఆమెకదే మొదటి సినిమా. విశాఖపట్నం, భీమిలి పరిసరాల్లో తీశారు. తమిళ కుర్రాడు, తెలుగమ్మాయి, పక్కపక్క ఇళ్లు. మద్రాసులో సఫైర్ థియేటర్లో తెలుగు సినిమా తెలుగులోనే 596 రోజులు ఆడిందంటే ఆలోచించండి. దాన్నే 1981లో బాలచందరే హిందీలో ‘ఏక్ దూజే కేలియే’గా తీశారు.

మా బావ ముందురోజు రాత్రి కూర్చుని సినిమాలోంచి పద్నాలుగు ఫ్రేములు తీసి, ఏఫోర్ కాగితాల మీద ప్రింటు వేయించి, అట్టకి క్లిప్పు పెట్టి తెచ్చాడు. బీచ్‌లో దిగగానే తలా కాగితం పట్టుకుని ఎదురుగా చాచి, అందులో కొండ గీతనీ ఎదురుగా కనిపించే కొండ గీతనీ కలిపి చూడ్డం మొదలెట్టాం. కాస్త ఎడమకి, ఇంకాస్త వెనక్కి, మోకాళ్లు వంచు, ఇలా. చాలామటుకు కుదర్లేదు. ఇన్నేళ్లలో ఎన్ని తుపాన్లు, సముద్రం ఎంత తిన్నదో, రోడ్డు, గట్టు, విగ్రహాలు, కొత్త కట్టడాలు, అప్పటి ఒడ్డు అలాగే ఎలా ఉంటుంది? పద్నాలుగింటిలో మూడు చోట్ల మాత్రం బాగా దగ్గరకొచ్చాం, అందులో ఒకటి నేను ఖాయంగా చెప్పగలను, ఎందుకంటే అక్కడ కొండ వంపు, దాని పక్కన చిన్న మూపురంలా లేచి మళ్లీ పడిపోయే చోటు, కాగితం అంచుకీ ఆకాశానికీ తేడా లేకుండా కలిసిపోయింది. ఆ కాగితం పట్టుకున్నది పిన్ని.

పిన్ని గురించి ఇక్కడ చెప్పాలి. 1978లో ఆవిడకి 16 ఏళ్లు, మా తాతగారిల్లు అప్పుడు విజయనగరంలోనే. ఆవిడది నలుపు. మా అమ్మది తెలుపు. చిన్నప్పట్నుంచీ ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ పెద్దదానికైతే సంబంధం తేలిగ్గా కుదురుతుంది గానీ దీనికే కష్టం అని ఆవిడ ఎదురుగానే అనేవారట, ఎవరూ అడ్డుకునేవారు కాదట. ఆ సినిమా పెద్దలు చూడనివ్వలేదు, పిల్లలు చెడిపోతారని. పిన్ని స్నేహితురాలితో ట్యూషన్ అని చెప్పి మ్యాట్నీకి వెళ్లింది. "ఒలే, ఆ గుంట తెర మీదకి రాగానే నా ఒళ్లు జల్లుమన్నాదే. నాలాగే నలుపు. బొట్టు కూడా నాలాగే పెద్దది. ఆ కుర్రోడు దానెనకాల పడతన్నాడు. మా అక్కలాంటి తెల్లపిల్లెనకాల కాదే" అంది. అలా అని ఆగిపోయింది. తర్వాత మెల్లిగా, "అప్పటిదాకా సినిమాలో నాలాంటి పిల్లంటే పనిమనిషో, నవ్వులాటకో ఉండేది" అంది.

ఇంటికెళ్లాక దెబ్బలు తింది. ఆ ఏడే పెళ్లి సంబంధాలు చూడ్డం మొదలెట్టి రెండేళ్లకి శ్రీకాకుళం పంపేశారు. ఇంటి నుంచి పాతిక కిలోమీటర్లున్న భీమిలికి ఆవిడ ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా రాలేదు. విశాఖ వచ్చింది, సింహాచలం ఎన్నోసార్లు వెళ్లింది, భీమిలి మాత్రం రాలేదు. ఎందుకు పిన్నీ అంటే, ఎవరు తీసుకెళ్తారే నన్ను, ఏవని అడగను అంది. నాకు నిజంగా సిగ్గేసింది. నేను ఈ ఊళ్లోనే ఉంటూ పిల్లల్ని తీసుకుని ఆ బీచ్‌కి ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు, ఆవిణ్ణి ఒక్కసారి అడగలేదు.

వలలు బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన మా కాగితాలు చూసి దగ్గరికొచ్చాడు. షూటింగప్పుడు తను కుర్రాడినని, తాడు కట్టి జనాన్ని అవతలే ఆపేసేవారని, తీసిందే తీసి పొద్దుపోయేదాకా తీసేవారని చెప్పాడు. ఏ సీను అన్నదానికి ఆయనకేం గుర్తులేదు. ఆ అమ్మాయి ఎలా ఉండేదండీ అని పిన్ని అడిగితే, "మనింట్లో పిల్లలాగుండేదమ్మా, ఎండలో మాడిపోయేది పాపం" అన్నాడు. పిన్ని ఆ మాటకి ఎంత సంబరపడిందో! సంచీలోంచి నాలుగు తేగలు తీసి ఆయన చేతిలో పెట్టింది.

ఒక్కటి చెప్పాలి ఇక్కడ. ఇంత పేరున్న సినిమా ఇక్కడ తీశారని చెప్పే బోర్డు ఒక్కటి కూడా మాకు కనపడలేదు. డచ్చివాళ్ల సమాధుల గురించి తెలుసుకోవచ్చు, 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరని తెలుసుకోవచ్చు, చాలా మంచిది, అలాగే ఈ సినిమా కోసం కూడా ఒక రాయి నిలబెట్టి ఏడాది, పేర్లు చెక్కితే ఎంత బావుంటుంది. దానికి పెద్ద ఖర్చు కూడా కాదు. ఈసారి మా బ్యాచ్ తరఫున అర్జీ పెడదామని తీర్మానించుకున్నాం, నేను రాసే పనిలోనే ఉన్నాను.

మధ్యాహ్నం చేపల భోజనం చేసి, ఎర్రమట్టి దిబ్బల్ని బయట నుంచే చూసి, మురీ మిక్చర్ తింటూ బండెక్కాం. అప్పుడు మా బావ స్పీకర్లో ‘ఏ తీగ పూవునో’ పెట్టాడు. ఆత్రేయ పాట, ఎమ్మెస్ విశ్వనాథన్ సంగీతం, మధ్యమధ్యలో కమల్ తమిళంలో మాట్లాడుతూంటాడు. పాడింది సుశీల. నిన్న మేం నిలబడిన ఆ కాలేజీ గేటులోంచి వెళ్లిన గొంతు, ఇవాళ మేం నడిచిన ఇసుక. నేను ఇది పైకి అనలేదు, అనక్కర్లేకపోయింది, పిన్నే నా చెయ్యి పట్టుకుని "మన సుశీలే" అంది. రెండోసారి పాట పెట్టినప్పుడు పిన్ని కూడా పాడింది. పూర్తిగా, ఒక్క మాట తప్పకుండా. ఆవిడ పాడడం నేను పుట్టి ఇన్నేళ్లలో వినలేదు. కమల్ మాటలు మా బావ అందుకున్నాడు, ఉచ్చారణ ఎలా ఉన్నా ఎవరూ పట్టించుకోలేదు.

చీకటి పడ్డాక విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర పిన్నిని శ్రీకాకుళం బస్సెక్కించాం. కిటికీ పక్క సీట్లో కూర్చుని, నేను టికెట్ డబ్బులు ఇస్తూంటే వద్దని నెట్టేసి, బావని పిలిచింది. "బాబూ, ఆ కొండ కలిసిన కాయితం ఉందే, అది నాకిచ్చీ." బావ అట్టలోంచి తీసిచ్చాడు. అంచు సముద్రం నీళ్లకి తడిసి ఉబ్బిపోయింది, ఒక మూల ఇసుక అంటుకుని ఉంది. పిన్ని ఇసుక దులపలేదు. అలాగే నాలుగు మడతలు పెట్టి, మందుల చీటీలు పెట్టుకునే పర్సులో పెట్టుకుంది.