ఫ్యాన్ ఆపి విన్న మాండొలిన్

మాండొలిన్ వినడానికి తిరుపతి వెళ్తున్నానంటే మా భీమవరంలో ఎవరూ నమ్మలేదు. "దర్శనం టికెట్ దొరికిందని చెప్పొచ్చుగా, దాచడమెందుకు" అన్నారు. నిజానికి నేను టికెట్ కోసం చూడనే లేదు. తిరుపతిలో ఉండే మా అక్కయ్య వాళ్ళాయన, అంటే మా బావ, ఫోన్ చేశాడు. వాళ్ళ వీధిలో పుట్టి పెరిగిన కుర్రాడు బెంగళూరు నుంచి వస్తున్నాడట. వయొలిన్, మృదంగం, తంబురా, ఆఖరికి శ్రుతిపెట్టె కూడా లేకుండా ఒక్క మాండొలిన్‌తో గంటన్నర వాయిస్తాడట. మైకు కూడా ఉండదట. అదెలా కుదురుతుందో చూద్దామని తాడేపల్లిగూడెంలో రైలెక్కాను.

మా వైపు మాండొలిన్ అనగానే పాలకొల్లు శ్రీనివాస్ గారి పేరు తప్ప ఇంకో పేరు నోటికి రాదు. 1969లో పుట్టి, 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ చేసి, 2014లో నలభై అయిదేళ్ళకే వెళ్ళిపోయారు. ఆయన చేతిలో ఉన్నది కరెంటు మాండొలిన్. మామూలు మాండొలిన్‌కి తీగలు ఎనిమిది, రెండేసి చొప్పున నాలుగు జతలు. ఆయన జతలు తీసేసి ఒంటి తీగలు అయిదు పెట్టుకున్నారు. నేను చిన్నప్పటి నుంచీ విన్నది ఆ నాదమే. అసలు ఎనిమిది తీగల వాద్యాన్ని, అదీ ఏ తోడూ లేకుండా, ఎదురుగా కూర్చుని ఎప్పుడూ వినలేదు.

రైలు తెల్లారకముందే దింపేసింది. స్టేషన్ బయట కొండకి పోయే జీపులవాళ్ళ కేకలు, గుండ్లు చేయించుకుని తిరుగు రైలు కోసం మూటల మీద నిద్రపోతున్న కుటుంబాలు. ఆటోలో బైరాగిపట్టెడ చేరి, స్నానం చేసి, అక్కయ్య పెట్టిన పొంగలి తినేసరికి ఎనిమిదైంది. కచేరీ సాయంత్రం. పగలంతా ఏం చేస్తామని, "మాధవమాల పోదాం పద" అన్నాడు బావ.

మాధవమాల ఏర్పేడు మండలంలోని పల్లె. కొయ్య చెక్కడానికి పేరుమోసిన ఊరు. గుడి వాహనాలు, ద్వారబంధాలు, పూజామందిరాలు, నిలువెత్తు దేవుళ్ళు, అన్నీ అక్కడ తయారవుతాయి. మేం ఆగిన ఇంటి ముందు సగం పూర్తయిన గరుడ వాహనం ఉంది. ఒక రెక్కకి ఈకలు తేలాయి, రెండో రెక్క మీద ఇంకా పెన్సిల్ గీతలే ఉన్నాయి. చెక్కుతున్న పెద్దాయన తల ఎత్తకుండానే "కూర్చోండి సామీ" అన్నాడు. ఫోన్‌లో ఎఫ్-5 మాండొలిన్ ఫొటో తీసి చూపించాను. అమెరికాలో గిబ్సన్ కంపెనీ 1922లో తెచ్చిన నమూనా అది. లాయిడ్ లోర్ అనే ఆయన పర్యవేక్షణలో తయారైంది. వయొలిన్‌కి ఉన్నట్టే పొట్ట మీద ఎఫ్ ఆకారంలో రెండు కంతలు, భుజం దగ్గర ఒక చుట్ట. లోర్ 1924లో కంపెనీ వదిలేసేలోపు సంతకం పెట్టిన వాద్యాలకి ఇప్పటికీ చెప్పలేనంత గిరాకీ.

పెద్దాయన చూపు ముందు ఆ చుట్ట మీదే పడింది. "ఈ శంఖం మాదిరి ఉండాదే, ఇది ఒక పూట పని" అన్నాడు. అసలు కష్టం అక్కడ కాదు, పైపలకలో ఉందని చెప్పాను. స్ప్రూస్ అనే చలిదేశపు చెట్టు కొయ్యని రెండు ముక్కలుగా అతికి, దాన్ని వంచకుండా, నొక్కకుండా, పైనుంచీ లోపలినుంచీ చెక్కి ఉబ్బెత్తుగా తేవాలి. నడుమ నాలుగు మిల్లీమీటర్ల దాకా మందం ఉంచి, అంచులకి వచ్చేసరికి మూడుకి అటూఇటూగా దించుతారు. ఎనిమిది ఉక్కు తీగలూ కలిసి డెబ్బై ఎనభై కిలోల బరువంత లాగుతాయి. మందం ఎక్కువైతే పలక పలకదు, మరీ పల్చనైతే కొన్నేళ్ళకి కుంగిపోతుంది. అందుకని గీకుతూ, వేలితో తట్టి వింటూ, మళ్ళీ గీకుతూ పోతారు.

ఆయన ఉలి పక్కన పెట్టి ఫొటోని ఇంకోసారి చూశాడు. "బొమ్మకి పైన చూసుకుంటే చాలు. దీనికి లోపల కూడా చూసుకోవాల" అన్నాడు. పక్కనున్న టేకు ముక్కని మెటికతో కొట్టి వినిపించి, "ఇది కాదులే" అని తనే నవ్వాడు. నిజమే, టేకు బరువు, పైగా నూనె కొయ్య. స్ప్రూస్ గొప్పతనమంతా బరువు తక్కువగా ఉండి కూడా బిరుసుగా ఉండటంలోనే ఉంది.

తిరిగి వస్తుంటే బావ ఎర్రచందనం సంగతి ఎత్తాడు. శేషాచలం కొండల ఎర్రచందనం నీళ్ళలో వేస్తే మునిగేంత బరువు, పైపలకకి ఎందుకూ పనికిరాదు. కానీ జపాన్‌లో షామిసెన్ అనే మూడు తీగల వాద్యానికి మేలురకం మెడ దీనితో చేస్తారు. తీగ మీద వేలు పడే చోట గట్టి కొయ్య కావాలి కదా. మన కొండల చెట్టు అక్కడ వాద్యంలో చేరుతుంటే, మనకి మాత్రం స్మగ్లర్ల వార్తల్లోనూ వేలంపాట ప్రకటనల్లోనూ తప్ప కనిపించదు. మా తరం దాకా పెళ్ళిళ్ళల్లో ఇచ్చే ఎర్రచందనపు మరపాచి బొమ్మలైనా ఉండేవి. నాకు ఒళ్ళు మండే విషయాల్లో ఇదొకటి, పోనివ్వండి.

సాయంత్రం ఆరింటికి బావ వాళ్ళ హాల్లో పాతికమంది దాకా చేరారు. మేడ మీద పెడదామని బావ ముచ్చటపడ్డాడు, కొండలు కనబడతాయని. కుర్రాడు ఒప్పుకోలేదు. ఆరుబయట ఈ వాద్యం నాలుగో వరసకి చేరదన్నాడు. చాప పరుచుకుని కూర్చుని, తలెత్తి చూసి, "మామా, ఫ్యాన్ ఆపేస్తారా" అన్నాడు. మార్చి నెల తిరుపతి ఉక్క! అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అక్కయ్య లేచి ఆపేసింది, విసనకర్రలు పంచింది. వాటిని కూడా మెల్లగా ఊపమన్నాడు.

శ్రుతి చేసుకోవడమే చాలాసేపు పట్టింది. జతలో రెండు తీగలూ అచ్చంగా ఒకే స్వరం పలకాలి, వెంట్రుకవాసి తేడా ఉన్నా నాదం వణుకుతుంది. మాండొలిన్‌లో తీగల్ని మోసే చిన్న కొయ్యముక్కని, అంటే బ్రిడ్జిని, జిగురుతో అతికించరు, తీగల ఒత్తిడికే నిలబడుతుంది. రైల్లో అది కొంచెం జరిగినట్టుంది. పన్నెండో మెట్టు దగ్గర తీగని నొక్కకుండా తాకి ఒకసారి, నొక్కి ఒకసారి మీటి, రెండూ కలవకపోతే బ్రిడ్జిని గోటితో ఇసుమంత నెట్టి మళ్ళీ మీటాడు.

మొదట ఇటలీ వాడైన రఫాయెలే కలాచే రాసిన ఒక ప్రిల్యూడ్ అనే చిన్న రచన. ఈయన నేపుల్స్‌లో వాద్యాలు చేసే ఇంట్లో పుట్టి, తనూ చేస్తూ, వాయిస్తూ, 1934లో పోయాడు. వయొలిన్‌కి కమాను ఉంది, లాగినంతసేపూ నాదం సాగుతుంది. మాండొలిన్ తీగ పొడవు చూస్తే సుమారు 35 సెంటీమీటర్లు. మీటిన నాదం ఒకటి రెండు సెకన్లలోనే నీరసించిపోతుంది. నేపుల్స్ వాళ్ళు దానికి కనిపెట్టిన ఉపాయం ట్రెమొలో, అంటే పిక్‌తో, వేళ్ళ మధ్య పట్టుకునే చిన్న బిళ్ళతో, తీగని పైకీ కిందికీ ఎడతెరిపి లేకుండా మీటడం. ఇంతవరకు నాకు తెలుసు. కలాచే అక్కడితో ఆగలేదు. పై తీగ మీద ట్రెమొలో నడుస్తుండగానే, దాన్ని తెగనివ్వకుండా, అదే పిక్ మధ్యలో దిగి కింది తీగల మీద తోడు స్వరాలు వేసి వెళ్ళిపోవాలి. నా ముందు వరసలో ఒకాయన వంగి, వెనకాల ఇంకెవరైనా వాయిస్తున్నారేమోనని చూశాడు. నేను కుడి మణికట్టునే చూస్తూ కూర్చున్నాను. మోచెయ్యి కదల్లేదు. దిగడం కనబడుతోంది, తిరిగి ఎక్కడం మాత్రం కంటికి అందలేదు.

తర్వాత జర్మనీ స్వరకర్త బాఖ్. ఒంటి వయొలిన్ కోసం ఆయన రాసిన ఆరు రచనల స్వహస్త ప్రతి మీద 1720 అని ఉంది. వయొలిన్‌కీ మాండొలిన్‌కీ శ్రుతి ఒకటే, జి, డి, ఎ, ఇ. కాబట్టి ఒక్క స్వరం మార్చకుండా వాయించుకోవచ్చు. ఆ ఆరింటిలో పార్టిటాలనేవి నాట్యగతుల వరసలు. మూడో పార్టిటాలో మొదటి భాగం అంతా పరుగే గనక ఈ వాద్యానికే రాశారా అన్నట్టుంది. జనం చప్పట్లు కొట్టింది దానికే. నాకు మాత్రం రెండో పార్టిటాలోని సారబాండ్ నచ్చింది. నిదానమైన నడక. అక్కడ ట్రెమొలో వేస్తాడనుకున్నాను, వెయ్యలేదు. మీటి, నాదాన్ని దాని మానాన పోనిచ్చాడు. ఒక స్వరం సన్నబడుతుంటే చెవి దాని వెంట పోతుంది, అంతలో ఇంకోటి వచ్చి అందుకుంటుంది. పక్క వాద్యాలుంటే ఆ ఖాళీలన్నీ నిండిపోతాయి, మనకి తెలియనే తెలియదు. ఫ్యాన్ ఎందుకు ఆపించాడో అప్పుడు అర్థమైంది. బావకి మృదంగం వచ్చు, పాపం వేళ్ళు ఊరుకోక తొడ మీద దరువు వెయ్యబోయాడు. కుర్రాడు కళ్ళతోనే వద్దన్నాడు.

చివర్లో తోడి రాగం ఎత్తుకున్నాడు. గాంధారం దగ్గర చిక్కు వచ్చింది. గమకం కోసం, అంటే స్వరాన్ని ఊపడం కోసం, ఒకే వేలితో జత తీగల్ని లాగాలి. రెండూ సమానంగా లాగబడవు, నాదం రెండుగా చీలి ఝుమ్మంటుంది. అతను లాగడం తగ్గించి, మెట్ల మీద జారుడుతో నెట్టుకొచ్చాడు. తెలివిగానే వాయించాడు గానీ తోడి నిండుగా నిలబడలేదని నా లెక్క.

రాగిసంగటి, చెనిక్కాయల ఊరిబిండితో భోజనాల దగ్గర పంచాయతీ మొదలైంది. "అందుకేనయ్యా శ్రీనివాస్ గారు జతలు పీకేసింది" అన్నాడు బావ. ఒంటి తీగ అయితే ఎంత లాగినా చీలదు, చిన్నబోయిన నాదాన్ని తీగల కింద ఉండే పికప్, కరెంటుతో పెద్దది చేసి, నిలబెడుతుంది. కరెంటు లేకపోతే కర్ణాటక సంగీతానికి మాండొలిన్ పనికిరాదని బావ తీర్పు. కుర్రాడు తల అడ్డంగా ఊపాడు. "ఒంటి తీగలు సరే మామా. కరెంటు బదులు పైపలక బాగా చెక్కితే?" ఒంటి తీగలు అయిదే అయితే లాగుడు తగ్గుతుంది, పలకని ఇంకా పల్చగా తీయవచ్చు, నాదం కాస్త గట్టిగా పలుకుతుంది అని అతని వాదన. అలాంటిది ఇంకా ఎవరితోనూ చేయించుకోలేదట.

పొద్దున మాధవమాల వెళ్ళొచ్చామని చెప్పాను. సంగటి ముద్ద చేతిలోనే ఉంచుకుని, ఆ పెద్దాయన అన్న మాట నాచేత రెండుసార్లు చెప్పించుకున్నాడు. రేపే వెళ్దాం, స్ప్రూస్ తెప్పించే పూచీ నాది, కొలతల కాగితం నేను గీసిస్తాను అన్నాడు. "ముందు గరుడ వాహనం కానియ్యండి, ఆ రెండో రెక్క ఉంది ఇంకా" అంది అక్కయ్య. డబ్బెవరిస్తారని బావ అడుగుతున్నాడు. నా తిరుగు రైలు ఆ రాత్రే గనక, వాళ్ళ బేరం తేలకముందే ఆటో ఎక్కేశాను.