పార్సిల్ ఇయ్య, కూసోని తిను

పోయిన జూన్‌లో ట్రాన్స్‌ఫర్ మీద కాకినాడ నుంచి మహబూబ్‌నగర్ వచ్చాను. మొదటి నెల నేనేం తిన్నానో చెప్పాలంటే కొంచెం సిగ్గే. అరటిపళ్లు, బన్ను, కర్రీ పాయింట్ పప్పు, మళ్లీ అరటిపళ్లు. వండుకోవచ్చు కదా అంటారేమో, అద్దెకు దిగిన గదిలో స్టవ్ పెట్టుకోవడానికి ఓనర్‌గారు ఒప్పుకోలేదు. ఒకటి రెండు పెద్ద హోటళ్లకి వెళ్లి చూశాను. ఒకచోట లోపల అడుగు పెట్టగానే "ఒక్కరేనా మేడమ్?" అని అడిగి, నలుగురు కూర్చునే టేబుళ్లు ఖాళీగా ఉన్నా తీసుకెళ్లి చేతులు కడిగే సింక్ పక్కన కూర్చోబెట్టారు. వచ్చేపోయేవాళ్లంతా చేతులు విదిలిస్తుంటే నా ప్లేట్‌లో ఏం పడుతోందో చూసుకోవడంతోనే భోజనం అయిపోయింది. ఆడవాళ్లం ఒంటరిగా హోటల్‌కి వెళ్తే ఉండే టెన్షన్ వెళ్లినవాళ్లకే తెలుస్తుంది.

ఆ తర్వాత ఒక సాయంత్రం ఆఫీసు నుంచి క్లాక్ టవర్ వైపు నడిచి వస్తుంటే, ఒక సందులోంచి చప్పట్లు కొడుతున్నట్టు టప టప టప మని చప్పుడు. ఒకే షట్టర్ ఉన్న కొట్టు, బోర్డు లేదు, లోపల మూడు బెంచీలు, బయట కట్టెల పొయ్యి. పొయ్యి ముందు ఒకావిడ జొన్నరొట్టెలు చేస్తోంది, అరవై దాటి ఉంటాయి. రెండు రొట్టెలు పార్సిల్ ఇమ్మన్నాను. తలెత్తకుండానే "పార్సిల్ ఇయ్య" అంది. అర్థం కాక నిలబడ్డాను. "సల్లారితే అట్టముక్క అయితది బిడ్డా. లోపట కూసోని తిను."

ఎవరైనా కొత్త ఊళ్లో నన్ను కూర్చోమనడం అదే మొదటిసారి.

రొట్టె చేయడం దగ్గర్నుంచి చూడాలి. మసిలే నీళ్లు పోసి కలిపిన పిండిని చేయి కాలుతున్నా పిసుకుతూనే ఉంటుంది. గోధుమపిండికుండే సాగే గుణం జొన్నకి లేదు, వేడినీళ్లు పడకపోతే అంచులన్నీ పగుళ్లే. ముద్దని అరచేత్తో కొడుతూ తిప్పుతూ తిప్పుతూ పళ్లెమంత చేసి, రెండు చేతుల మీదుగా పెనం మీదకి జార్చి, పైన తడిగుడ్డతో ఒకసారి తుడుస్తుంది. తిరగేశాక కాసేపటికి రొట్టె పూరీలా పొంగుతుంది. ఇదంతా ఎవరితోనో కరెంటు బిల్లు గురించి గొడవ పడుతూ చేస్తుంది, అదీ విషయం.

మొదటిరోజు చపాతీ తిన్నట్టు చిన్న ముక్కలు తుంచి కూర అద్దుకుంటుంటే చూసి చూసి లేచి వచ్చింది. రొట్టెని తనే గిన్నెలోకి తుంపి, మీద వేడి పుంటికూర పప్పు పోసి, "పిసుకు" అంది. పిసికాను. పుంటికూర అంటే మన గోంగూరే అని నాలిక మీద పడ్డాకే తెలిసింది. ఆ పక్కన పచ్చిపులుసు, ఎల్లిపాయ కారం, ఉల్లిగడ్డ. కారం మాత్రం నా వల్ల కాలేదు, ఇప్పటికీ కాదు, ఎంత చెప్పినా తగ్గించదు. ఉప్పు కూడా ఒక్కోరోజు చేయి జారుతుంది. టీవీ సీరియల్ సౌండ్ గురించి చెప్పకపోవడమే మంచిది.

ఆవిడ నవ్వగా చూసింది తక్కువ. రోజూ ఒకటే ప్రశ్న, "గింతేనా?" ఆగస్టులో జ్వరమొచ్చి నాలుగు రోజులు వెళ్లకపోతే, ఐదో రోజు నన్ను చూసి, "మన పిల్లలమర్రికి సెలైన్ ఎక్కించిర్రు ఎరికేనా? నువ్వు తినకుంటే నీకు గూడ గంతే" అని మందలించింది. ఊరికే అంటోందనుకున్నాను. ఆఫీసులో అడిగితే నిజమేనట. ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ మర్రి, ఏడొందల ఏళ్లదని చెప్పే చెట్టు, 2018లో చెదలు పట్టి కొమ్మలు విరిగిపడుతుంటే సీసాలు కట్టి సెలైన్‌లా బొట్టుబొట్టుగా మందు ఎక్కించారు. ఆ రోజు మూడు రొట్టెలు తిన్నాను.

ఒకరోజు జనం లేనప్పుడు అడిగాను, పార్సిల్ ఇస్తే రెట్టింపు బేరం ఉంటుంది కదా అమ్మా అని. పొయ్యిలో కట్టె ముందుకి తోస్తూ చెప్పింది. పెళ్లయిన కొత్తలో కరువొచ్చి ముంబై బస్సెక్కారట, పాలమూరు పల్లెల్లో ఎంతోమంది ఎక్కినట్టే. పన్నెండేళ్లు బిల్డింగులకి ఇటుకలు మోసింది. "ఆడ పొద్దూకినంక కవర్ల బువ్వ తెచ్చుకోని గోడకు ముఖం పెట్టి తింటుంటి. ముద్ద దిగకపోవు." అంతే చెప్పి, ఎవరో వస్తే రొట్టె కొట్టడానికి వెళ్లిపోయింది. నేను మంచినీళ్లు తాగుతూ చాలాసేపు కూర్చున్నాను.

దసరాకి ఇంటికి వెళ్తున్నానని చెప్పిన రోజు మాత్రం న్యూస్‌పేపర్‌లో చుట్టిన కట్ట ఒకటి చేతిలో పెట్టింది. పెనం మీద బాగా ఆరబెట్టిన గట్టి రొట్టెలు, అప్పడాల్లా పటపటలాడుతున్నాయి, ముంబై ప్రయాణానికి మూటల్లో కట్టుకెళ్లేవి ఇవేనట. పైన చిన్న కవర్లో పల్లీల పొడి. పార్సిల్ ఇయ్యనన్నావు కదా అంటే, "ఇవి సల్లారేదేముంది" అంది. డబ్బులిస్తే తీసుకుంది, అది కూడా నాకు నచ్చింది.

కాకినాడలో అమ్మ కట్ట విప్పి ఒకటి విరిచి నోట్లో వేసుకుని, "ఏంటే ఇది, పన్ను కదిలేలా ఉంది, దేంతో తింటార్రా దీన్ని?" అంది.

"పుంటికూరతో."

"అదేం కూరే, మన దగ్గర దొరుకుతుందా?"

పెరట్లోకి చేయి చూపించాను.