ఏడాదిపాటు చీర కొనలేదు

పోయిన సంక్రాంతికి ముందు బీరువా సర్దుతూ చీరలన్నీ మంచం మీద పరిచి లెక్కపెట్టాను. 118 ఉన్నాయి. వాటిలో 26 చీరలకు ఫాల్ కూడా కుట్టించలేదు. మళ్ళీ సంక్రాంతి వచ్చేవరకు నాకోసం బట్టలు కొనకూడదని ఆ రోజే అనుకున్నాను. ఎవరైనా పెట్టిన చీర వద్దనకూడదు, నేనుగా కొనకూడదు. పెట్టుకున్న నియమం అంతే.

మొదటి రెండు నెలలు బాగా కష్టమైంది. పిల్లలు పడుకున్నాక ఫోనులో చీరలు చూడటం అలవాటు. యాప్‌లు తీసేశాక ఆ అరగంట ఏం చేయాలో తోచేది కాదు. ఆ అరగంట కోసమే అన్ని చీరలు కొన్నానని అప్పుడు తెలిసింది.

వైశాఖంలో ఆడపడుచు గారింట్లో పెళ్ళి. పాత చీరే కట్టుకుని వెళ్ళాను. "అందరూ నీలాగే కొనడం మానేస్తే నేతవాళ్ళ కడుపు నిండేదెలా?" అని వదిన అడిగింది. జవాబు చెప్పలేకపోయాను. ఆ ప్రశ్న న్యాయమైనదే.

ఇంటికి వచ్చి మళ్ళీ బీరువా తెరిచాను. 118లో చేనేత చీరలు తొమ్మిదే! పోచంపల్లి అనుకుని మురిసిపోయిన రెండు చీరలను తిరగేసి చూస్తే వెనకవైపు రంగు వెలవెలబోతోంది. పాలియెస్టర్ మీద ఆ డిజైన్‌ను అచ్చు వేశారు. అసలు పోచంపల్లిలో నేతకు ముందే నూలును కట్లు కట్టి రంగులో ముంచుతారు కాబట్టి రెండువైపులా రంగు ఒకేలా ఉంటుంది. నేను ఇన్నేళ్ళు పోసిన డబ్బులో నేతగాడికి చేరింది ఎంత తక్కువో తలుచుకుంటే మనసు చివుక్కుమంది.

శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి అమ్మ గద్వాల చీర తీశాను. మడత దగ్గర రూపాయి బిళ్ళంత చిరుగు. రఫూ చేసే పెద్దాయన కొంగు లోపలి అంచు నుంచి నాలుగు పోగులు లాగి, సూదితో ఒక పోగు పైనుంచి, ఒక పోగు కిందనుంచి అల్లుకుంటూ పోయాడు. గంట పట్టింది. చిరుగు ఎక్కడుందో ఇప్పుడు నాకే దొరకదు.

ఫాల్ కుట్టించని చీరలు కావలసినవాళ్ళకు పంచేశాను. మెత్తబడిన నూలు చీరలు బొంతకు పనికొచ్చాయి. సింథటిక్ చీరలే దేనికీ పనికిరాలేదు, ఇల్లు తుడుద్దామన్నా తడి పీల్చవు.

ఏడాది నిండాక పోచంపల్లి వెళ్ళాను. ఒక ఇంట్లో ఆసు పోయడం చూశాను, అంటే కట్లు కట్టి రంగులో ముంచే ముందు నూలును వరుసగా పేర్చుకోవడం. అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ దారం తిప్పాలి. యంత్రం రాకముందు ఒక్కో చీరకు ఆడవాళ్ళు వేలసార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించేవారు. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక నేత కుటుంబంలో పుట్టిన చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ ఇంటి ఇల్లాలు యంత్రాన్ని తుడిచి, తన కుడి భుజం తడుముకుంటూ పాత రోజులు చెప్పింది.

అక్కడే 4,200 రూపాయలకు ఒక నూలు చీర కొన్నాను. బేరం ఆడలేదు.

మొన్న అది కట్టుకుని వదిన ఇంటికి వెళ్ళి కొంగు తిప్పి చూపించాను. వదిన కాసేపు దాన్ని వేళ్ళతో తడిమి, తన కొంగు కూడా తిరగేసి చూసుకుంది.