గోర్ ఒప్పుకున్నాడు, మా అమ్మాయి ఒప్పుకోదు

పద్దెనిమిది నిండింది కదా, ఓటరుగా నమోదు చేయిద్దాం రా అంటే మా అమ్మాయి వద్దంది. బద్ధకమేమో అనుకున్నాను, కాదట, కారణం ఉందట. గవర్నమెంట్ క్లాసులో 2000 నాటి బుష్ వర్సెస్ గోర్ కేసు చదివింది. ఆ ఏడాది అమెరికా అధ్యక్ష ఎన్నికలో ఫ్లోరిడా ఓట్లు మళ్లీ లెక్కపెట్టాలా వద్దా అని బుష్‌కీ గోర్‌కీ నడిచిన తగువు అది, ఆ రాష్ట్రం ఎవరిదైతే అధ్యక్ష పదవి వాళ్లదే. "లెక్కపెట్టడమే ఆపేశారు కదమ్మా, ఇంక వేసి ఏం లాభం?" అంది. ఇంకే విషయమైనా సరేలే అని ఊరుకునేదాన్ని, కానీ ఫ్లోరిడా సంగతి నాకా చెప్పేది?

ఆ ఎన్నికని నేను చూసినంతగా ఫ్లోరిడా వాళ్లు కూడా చూసి ఉండరు. పెళ్లై కొత్తగా వచ్చాను, హెచ్4 వీసా, ఉద్యోగం చేయకూడదు, కారు నడపడం రాదు, మావారు ఆఫీసుకి వెళ్తే నాకు మిగిలింది టీవీ. నవంబర్ 7 రాత్రి ఫ్లోరిడా గోర్‌ది అన్నారు, కాసేపటికి కాదన్నారు, అర్ధరాత్రి దాటాక బుష్‌ది అన్నారు, తెల్లారేలోగా అదీ వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాత 36 రోజుల పాటు పప్పు పొయ్యి మీద పెట్టి పామ్ బీచ్, బ్రోవార్డ్, మయామీ-డేడ్, వొలూషా అని కౌంటీల పేర్లు కంఠతా పట్టేశాను. పామ్ బీచ్ బ్యాలెట్ అయితే ఇప్పటికీ కాగితం మీద గీసి చూపిస్తాను. రెండు పక్కలా పేర్లు, మధ్యలో ఓటు వేయడానికి పొడవాల్సిన చిల్లులు. ఎడమ వరసలో గోర్ పేరు రెండోది, ఆయన చిల్లు మాత్రం మూడోది. రెండో చిల్లు కుడిపక్కనున్న ఇంకో పార్టీ అభ్యర్థి బుకానన్‌ది. అక్కడ బుకానన్‌కి 3,400కి పైగా ఓట్లు పడ్డాయి, అవన్నీ నావి కావేమోనని ఆయనే అన్నాడు పాపం. ఇక పూర్తిగా ఊడిరాకుండా వేలాడే ఆ కాగితం ముక్కలు, భూతద్దంలోంచి ఇంత కళ్లు చేసుకుని వాటిని చూసే జడ్జి! రాష్ట్రం మొత్తం మీద దాదాపు 60 లక్షల ఓట్లు, చివరికి తేల్చిన తేడా 537. గవర్నర్ ఏమో బుష్ తమ్ముడు, ఫలితాన్ని ధ్రువీకరించిన కేథరిన్ హ్యారిస్ ఏమో అక్కడి బుష్ ప్రచారానికి కో-చైర్. ఇదే మన దగ్గర జరిగితే ఎన్ని మాటలు అనేవాళ్లు అని మావారితో అంటే, నీకెందుకు, ముందు డ్రైవింగ్ నేర్చుకో అనేవారు.

డిసెంబర్ 12 రాత్రి సుప్రీంకోర్టు 5-4తో రీకౌంట్‌కి తెర దించేసింది. చలిలో కోర్టు మెట్ల దగ్గర నిలబడి రిపోర్టర్లు తీర్పు కాగితాలు తిరగేస్తూ, ఇంతకీ ఎవరు గెలిచారో చెప్పలేక నానా తంటాలు పడ్డారు. మర్నాడు గోర్ వచ్చి, ఈ తీర్పుతో నేను గట్టిగా విభేదిస్తున్నాను, అయినా ఒప్పుకుంటున్నాను అన్నాడు. దేశం మొత్తం మీద ఆయనకే 5 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ వచ్చాయి, అయినా.

ఇదంతా మా పిల్లలకి ఏళ్ల తరబడి నీతికథగా చెప్పాను. చెస్‌లో ఓడి బోర్డు తోసేస్తే గోర్, తమ్ముడితో పేచీ పడితే గోర్. 2021 జనవరి 6న, ట్రంప్ ఓటమిని ఒప్పుకోని జనం ఓట్ల లెక్క జరుగుతున్న పార్లమెంటు భవనం మీద పడటం చూశాక నా ధోరణి మరీ ముదిరింది. 2001లో అదే జనవరి 6న ఉపాధ్యక్షుడిగా ఆ ఓట్ల లెక్క సభ నడిపి తన ఓటమిని తానే ప్రకటించాడర్రా, మనిషంటే అలా ఉండాలి అని.

మా అమ్మాయి వెళ్లి ఆ వీడియో మొత్తం చూసొచ్చింది. నేను ఇన్నేళ్లలో చూడలేదు. అందులో నల్లజాతి సభ్యులు ఒక్కొక్కరే లేచి ఫ్లోరిడా ఓట్ల మీద అభ్యంతరం చెప్తారు. అభ్యంతరం చెల్లాలంటే ఒక్క సెనేటరైనా సంతకం పెట్టాలి, అది ఉందా అని గోర్ అడుగుతాడు. ఒక్క సెనేటరూ పెట్టలేదు. సంతకం లేకపోతే నాకు లెక్కలేదు అని ఒకావిడ అంటే, నిబంధనలకు లెక్కుంది అంటాడు గోర్, సభలో చప్పట్లు. "ఓడిపోయింది ఆయనొక్కడేనా అమ్మా? వాళ్లందరి తరఫునా ఆయనెలా ఒప్పేసుకుంటాడు?" అంది. పైగా పౌరహక్కుల కమిషన్ 2001లో ఇచ్చిన నివేదిక తెరిచి నా ముందు పెట్టింది. ఫ్లోరిడాలో నల్లజాతి వాళ్ల ఓటు చెల్లకుండా పోయే అవకాశం మిగతావాళ్ల కంటే దాదాపు 10 రెట్లు ఎక్కువని అందులో ఉంది.

రూల్స్ అంటే రూల్సే కదా అని ఏదో గొణిగాను. అసలు సంగతి వేరే. గోర్ ఒప్పుకున్న రాత్రి నాకు ఎంత హాయి అనిపించిందో! ఎవరు గెలిస్తే మనకేంటి, గొడవ తేలింది, మావారు ప్రాజెక్టు లేక బెంచ్ మీదకి రాకుండా ఉంటే చాలు. గోర్ పెద్దమనసు నాకంత నచ్చడంలో నా వీసా పాత్ర ఎంతో నాకే తెలీదు. ఇది దానికి చెప్పలేదు.

ఆ తర్వాత బుష్ ఏలిన ఎనిమిదేళ్ల విషయానికొస్తే మా ఇంట్లో రెండు పద్దు పుస్తకాలు. దాని పుస్తకంలో ఇరాక్, అక్కడ దొరకని ఆయుధాలు, గ్వాంటనామో, కత్రినా. నా పుస్తకంలో 2001 సెప్టెంబర్ తర్వాత మావారు గడ్డం తీసేయడం, ఎయిర్‌పోర్టులో ఫోన్లో తెలుగు మాట్లాడొద్దని నన్ను కసరడం ఉన్నాయి, కానీ ఆ పేజీ తెరవను. గొప్పగా చదివి వినిపించేది వేరే పేజీ. 2006 మార్చి 3న బుష్ హైదరాబాద్ వచ్చి, రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయంలో రైతుల్ని కలిసి, ఐఎస్‌బీకి వెళ్లి, హైదరాబాద్‌లో కాన్సులేట్ పెడతామన్నాడు. అంతకుముందు మనవాళ్లు వీసా స్టాంపింగ్‌కి చెన్నైకి పరిగెత్తాల్సిందే, నేనూ ఆ క్యూలో నిలబడ్డదాన్నే. ఇక అణు ఒప్పందం సరేసరి. 2003లో ఇరాక్ యుద్ధం మొదలైన రోజున ఏమనుకున్నావు అని అది అడిగితే, ఎంత ఆలోచించినా గుర్తొచ్చింది గ్రీన్‌కార్డు టెన్షనే.

బయట రాజకీయాలు మాట్లాడకు, మన పని మనం చూసుకుందాం అని పెంచింది నేనే, ఇప్పుడు ఓటు వేసి తీరాలని మంకుపట్టు పట్టిందీ నేనే. మరి నా ఓటు సంగతి? బ్యాలెట్ ఇంటికే వస్తుంది, అధ్యక్షుడి గడి శ్రద్ధగా నింపి, స్కూల్ బోర్డు, జడ్జీలు, నీటి బోర్డు దాకా వచ్చేసరికి ఖాళీగా వదిలేసి కవరు అంటించేస్తాను. కిందటిసారి దీని కంటపడ్డాను. "ఫ్లోరిడాలో ఇలాంటి ఖాళీల కోసమేగా అంత కొట్టుకున్నారు, నువ్వేంటమ్మా ఉత్తినే పారేస్తున్నావు?" అంది. పప్పు మాడుతోందని లేచాను.

ఈ గోలంతా వాట్సాప్ కాల్లో అనంతపురంలో ఉన్న మా నాన్న చెవిన పడింది. ఆయనకి ఫ్లోరిడా అక్కర్లేదు, 1969 ఉంది. రాష్ట్రపతి పదవికి కాంగ్రెస్ నిలబెట్టింది మా జిల్లా సంజీవరెడ్డిగారిని. ఇందిరాగాంధీ మాత్రం అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటేయమంది. ఇండిపెండెంటుగా నిలబడ్డ వి.వి. గిరి, ఆయనా తెలుగాయనే, రెండో ప్రాధాన్య ఓట్లు కలిపాక 14,650 తేడాతో గట్టెక్కాడు. కేసు సుప్రీంకోర్టుకెళ్తే రాష్ట్రపతి హోదాలో ఉండే వచ్చి సాక్ష్యం చెప్పాడు, కేసు కొట్టేశారు, ఆలోగానే కాంగ్రెస్ రెండుగా చీలిపోయింది. ఓట్లేసింది ఎంపీలూ ఎమ్మెల్యేలూ, అప్పుడు డిగ్రీ చదువుతున్న మా నాన్నకి అందులో పూచికపుల్ల పాత్ర లేదు, కోపం మాత్రం నేటికీ చల్లారలేదు.

నేను సందు చూసుకుని అందుకున్నాను. చూశావా, సంజీవరెడ్డిగారు ఊరికొచ్చి సేద్యం చేసుకున్నారు, 1977లో పోటీయే లేకుండా రాష్ట్రపతి అయ్యారు, కాస్త ఓపిక పడితే...

"గోర్ అవ్వలేదుగా" అంది. తర్వాత నన్ను వదిలేసి ఫోను తన వైపు తిప్పుకుంది. "మరి ఆ తర్వాత నువ్వు ఓటేశావా తాతా?"

"డెబ్బై ఒకటిలో వేస్తి పాపా, అదే నా తొలి ఓటు. ఆయమ్మకు వ్యతిరేకంగానే వేస్తి."

"ఎవరు గెలిచారు?"

"ఇంకెవురు, ఆయమ్మే. మూడొందల యాభై రెండు సీట్లు."

ఓటు వేయమని నాలుగు ముక్కలు చెప్పమని ఆయన్ని నేను ముందే బతిమాలుకుని ఉన్నాను. ఆయన చెప్పింది మాత్రం అంతే.